జుంటి చదువూ, నక్క ప్రైవేటూ

ఇప్పచెట్ల కొండ కింది అడవిలో బడి పెట్టిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది.

అడవికి బడెందుకని మీరు అడగొచ్చు. బడి పెట్టక ముందు ఎండాకాలం ఒక అడవిపంది కుటుంబం వేటగాళ్లు తవ్విన గోతిలో పడింది. గోతికి ముందే ఏనుగు పెద్దమ్మ బెరడు బోర్డు కట్టించి, దాని మీద బొగ్గుతో 'ఇటు రావద్దు' అని రాయించింది. పందులు బోర్డు చూశాయి. ఎవరింట్లోనో పెళ్లి కాబోలు, అలంకారం చేశారనుకుని సంతోషంగా దాని కిందనుంచే వెళ్లాయి. గోతిలోంచి లాగేసరికి ఒక పంది పిల్లకి కాలు విరిగింది.

"బోర్డులు రాయించి ఏం లాభం? చదివేవాళ్లుండాలి కదా" అంది ఏనుగు పెద్దమ్మ. ఆ అడవికి ఆవిడే పెద్ద దిక్కు. ఆవిడ మాట మీద వారం తిరక్కుండా కానుగ చెట్టు కింద బడి మొదలైంది.

పంతులుగా రామచిలుక కుదిరాడు. మంచివాడే, గొంతు ఇంకా మంచిది. ఆయన కొమ్మ మీద కూర్చుని "అ" అనేవాడు. కింద నలభై మంది పిల్లలు "అ" అనేవాళ్లు. ఆయన "ఆ" అంటే వీళ్లు "ఆ". అడవంతా మోగిపోయేది. దారిన పోయే తల్లులు నెత్తిమీద మేత మోపులతోనే ఆగి, "మన పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో" అని మురిసిపోయేవాళ్లు.

ఆ నలభై గొంతుల్లో ఒకటి జుంటిది. జుంటి ఎలుగుబంటి కర్రెమ్మ కూతురు, ఆ ఏడే బడిలో చేరింది. బొద్దుగా ఉంటుంది, అల్లరి పిల్ల, మాటలకి కొదవ లేదు. బడిలో మాత్రం అందరికన్నా అర క్షణం వెనక నోరు తెరిచేది. పక్కన కూర్చున్న కుందేలు పిల్ల "క" అంటే, అది విని తనూ "క" అనేది. పుస్తకంలో బొమ్మ చూసేది, పంతులు రెక్క ఎటు ఊపుతున్నాడో చూసేది, మిగతాది ఊహించేది. అలా ఏడాది గడిచిపోయింది. పంతులికి అనుమానం రాలేదు. తల్లికి అసలే రాలేదు. 'క'కీ 'త'కీ తేడా ఏమిటో తనకి ఇప్పటికీ తెలియదన్న సంగతి జుంటికి మాత్రం బాగా తెలుసు. అయితే నలభై మందిలో తనొక్కతే లేచి "నాకు రాదు" అనడం కన్నా ముళ్లపందిని వాటేసుకోవడం నయమనిపించేది.

ఏటా ఎండలు ముదిరే ముందు పెద్దమ్మ పరీక్షకి వచ్చేది. చదివి చూపించిన పిల్లలు వాగు దాటి అవతలి కొండకి సొంతంగా వెళ్లొచ్చు. చదవలేనివాళ్లు ఇంకో ఏడాది అమ్మ వెనకాలే నడవాలి. అవతలి కొండ నిండా తేనెపట్లు. జుంటికి నిద్రలో కూడా అవే కనిపించేవి.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా జుంటి పొట్ట పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, నేను పరీక్షకి వెళ్లను. కడుపునొప్పి."

"పరీక్ష పది రోజుల తర్వాత కదే! ఇప్పుడే కడుపునొప్పేంటి?"

"ముందే వచ్చేసింది."

కర్రెమ్మ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది. ఏడుపుతో కలిపి అసలు సంగతి బయటికొచ్చింది. కర్రెమ్మ పుస్తకం తెచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. తనకా చదువు రాదు, ఇక పిల్లకేం చెబుతుంది?

సరిగ్గా అప్పుడే పొద వెనకనుంచి ఒక దగ్గు వినిపించింది. సింగన్న. పేరు సింగన్నే గాని, జాతికి నక్క.

"వింటున్నానని కాదు గాని చెల్లెమ్మా, విన్నాను" అన్నాడు సింగన్న తోక దులుపుకుంటూ. "బడిలో తప్పు పట్టడానికేం లేదు. పంతులు ఒక్కడు, పిల్లలు నలభై. మన పిల్లని ఎవరు చూస్తారు? అందుకే నేను ప్రైవేటు పెట్టాను. ఒక్కరికి ఒక్కణ్ణి. పిల్ల ఎదురుగా నేను, నా ఎదురుగా పిల్ల, మధ్యలో..."

"మధ్యలో పుస్తకమా అన్నయ్యా?"

"మధ్యలో తేనెపట్టు. రోజుకొకటి చాలు. మనవాళ్లనుకున్నాను కాబట్టి అంతకన్నా అడగను."

కర్రెమ్మ ఒప్పుకుంది. మర్నాటినుంచి జుంటి సింగన్న ముందు కూర్చునేది. సింగన్న పట్టు ముందు కూర్చునేవాడు.

"చూడమ్మాయ్" అన్నాడు మొదటి రోజు, మూతి నాక్కుంటూ. "పోయినేడు పెద్దమ్మ తొమ్మిదో పాఠమే అడిగింది, ఈసారీ అదే అడుగుతుంది. 'కోతి కొమ్మ మీద ఉంది. కొమ్మ ఊగింది. కోతి కింద పడింది.' బట్టీ పట్టెయ్."

"ఇందులో 'కో' ఏది మామా?"

"అక్షరాలతో నీకేం పని? పెద్దమ్మ వినేది నీ నోరు. వేలు పెట్టి జరుపుతూ ఉండు. మధ్యలో ఓసారి ఆగి దగ్గు. ఆగి దగ్గితే నిజంగా చదువుతున్నట్టే ఉంటుంది."

"ఒకవేళ తప్పొస్తే?"

"కళ్లు నలుపుకుని, దుమ్ము పడిందను. ఏం, ఇంకో పట్టు లేదా ఇంట్లో?"

పది రోజుల్లో జుంటికి కోతి పాఠం నీళ్లు తాగినట్టు వచ్చేసింది. ఎక్కడ దగ్గాలో కూడా వచ్చింది.

పరీక్ష రోజు అడవంతా కానుగ చెట్టు కింద చేరింది. ఆ ఏడు పెద్దమ్మ పుస్తకం తేలేదు. కొత్త బెరడు బోర్డు తెచ్చి చెట్టుకి ఆనించింది. బొమ్మ కూడా లేదు. కుందేలు పిల్ల చదివింది, ఉడుత పిల్ల చదివింది. ఇంకా కొందరు తడబడుతూ గట్టెక్కారు. జుంటి వంతు వచ్చింది. వెళ్లి బోర్డు మీద వేలు పెట్టింది.

"కోతి కొమ్మ మీద ఉంది" అంది గట్టిగా. తర్వాత ఆగి దగ్గింది. "కొమ్మ ఊగింది. కోతి కింద పడింది."

బోర్డు మీద రాసి ఉన్నది 'ముందు గొయ్యి ఉంది, చూసి నడవండి' అని.

"కోతి ఎక్కడుందమ్మా?" అంది పెద్దమ్మ నెమ్మదిగా.

"కొమ్మ మీద."

"కొమ్మ ఎక్కడుంది?"

జుంటి బోర్డుకేసి చూసింది, చెట్టుకేసి చూసింది, జనంలో సింగన్నకేసి చూసింది. సింగన్న ఆకాశం చూస్తున్నాడు.

"కంట్లో దుమ్ము పడింది పెద్దమ్మా" అంది జుంటి. అందరూ విరగబడి నవ్వారు. ఆ తర్వాత జుంటి నిజంగానే కళ్లు నలుపుకోవాల్సి వచ్చింది.

కర్రెమ్మ సింగన్న మీదికి వెళ్లింది. "ఏమయ్యా, ఇదేనా నువ్వు చెప్పిన చదువు?"

"నేనేం చెయ్యను చెల్లెమ్మా? బుర్ర కాదది, బండరాయి."

"పది పట్లు తిన్నాక ఇప్పుడా ఆ మాట చెప్పేది?"

"తినడం నా పని, చదవడం మీ అమ్మాయి పని. నా పని నేను లోటు లేకుండా చేశాను కదా" అని సింగన్న జనంలో కలిసిపోయాడు.

"నెల రోజుల్లో మళ్లీ వస్తాను. చదవలేనివాళ్లని అప్పుడు ఇంకోసారి చూస్తాను" అని చెప్పి పెద్దమ్మ వెళ్లింది. జుంటి ఆ మాట విననైనా వినలేదు.

మర్నాడు పొద్దున్నే జుంటి వాగు ఒడ్డున ఇసుకలో కూర్చుని నీళ్లలోకి రాళ్లు విసురుతోంది. పక్కనే ముసలి గాడిద గంగులు గడ్డి కొరుకుతున్నాడు. గంగులు ఒకప్పుడు ఊళ్లో ఇసుక మోసేవాడు. ముసలితనంలో వదిలేస్తే అడవికి వచ్చేశాడు.

"నువ్వూ నవ్వు తాతా, ఎందుకు ఆపుకుంటావు?" అంది జుంటి.

"నేను నవ్వితే నా పళ్లు చూసి జనం పారిపోతారే. అందుకే మానేశాను." గంగులు కాసేపు నమిలాడు. "నిన్న నువ్వు వేలు కుడివైపునుంచి ఎడమవైపుకి జరిపావు. చదివేటప్పుడు ఎడమవైపునుంచి మొదలుపెట్టాలి. బళ్లో చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు. అందరికీ కలిపి చెప్పి ఉంటారు. నాకు చెప్పలేదు."

గంగులు నమలడం ఆపాడు. "అయితే నేను నీకు చెబుతాను. బడికి ముందు రోజూ అరగంట. నువ్వొక్కదానివే రావాలి. ఒక్కరోజు కూడా మానకూడదు."

ఈ సంగతి విని కర్రెమ్మ ముక్కున వేలేసుకుంది. "గంగులు బాబాయ్, ఏమనుకోకు. ఊళ్లో చదువు రాని పిల్లల్నే గాడిదా అంటారట కదా?"

"అంటారమ్మా. పన్నెండేళ్లు విన్నాను. ఇసుక దించాక నన్ను బడి కిటికీ పక్కనే కట్టేసేవాళ్లు. లోపల పంతులు 'ఒరే గాడిదా' అని అరిచినప్పుడల్లా నన్నే పిలిచాడనుకుని కిటికీలోంచి తల పెట్టేవాణ్ణి. నాకు చదువు అలాగే వచ్చింది. ఇంకో సంగతి కూడా చూశాను. వెనక వరసలో పిల్లలు ఉత్తినే నోళ్లు కదిపేవాళ్లు. కిటికీలోంచి నాకు కనిపించేది గాని పంతులికి కనిపించేది కాదు."

"మరి నీకేమివ్వాలి బాబాయ్? తేనె..."

"గడ్డి తినేవాడికి తేనెందుకమ్మా? పిల్లని పంపు చాలు."

మొదటి రోజు గంగులు పుస్తకం తియ్యలేదు. ఆయన దగ్గర పుస్తకం లేదు కూడా. "ఏదన్నా ఒక మాట చెప్పు. నీ మాట. బడిలోది కాదు" అన్నాడు.

జుంటి ఆలోచించింది. "నేను తేనె తిన్నాను. ఈగ నన్ను తిన్నది."

గంగులు గిట్టతో తడి ఇసుక మీద అదే రాశాడు, ఒక్క మాట మార్చకుండా. "ఇదే నువ్వు చెప్పింది. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువు."

తను అన్న మాటే కాబట్టి జుంటి చదివింది. అప్పుడు గంగులు ఒక మాట చెరిపేశాడు. "ఏది పోయింది?"

"తేనె!" అంది జుంటి వెంటనే. "ఎవరు తిన్నారు?"

"నేనే. మళ్లీ కావాలంటే నువ్వే రాయాలి."

జుంటి అరిచింది, అలిగింది, గోరుతో ఇసుకలో గీకింది. మొదటిసారి రాసినది తేలులా వచ్చింది, రెండోసారి తేలు పిల్లలా వచ్చింది. ఐదోసారి తేనె వచ్చింది. ఆ రోజు బడికి వెళ్లే దారంతా దుమ్ములో తేనె, తేనె అని రాసుకుంటూ వెళ్లింది. వెనక వచ్చే చీమలన్నీ మోసపోయాయి.

రోజూ అదే పద్ధతి. ముందు నిన్నటిది చదవాలి. తర్వాత జుంటి చెప్పిన కొత్త మాట ఒకటి. తప్పు చదివితే గంగులు అందించేవాడు కాదు. తోకతో ఈగలు తోలుకుంటూ ఊరుకునేవాడు.

"తాతా, చెప్పొచ్చుగా!"

"నాకు తొందరేముంది? మోసే ఇసుక కూడా లేదు. నువ్వే చూడు."

ఒకరోజు జుంటి 'తేనెటీగ' అన్న చోట 'తేనె' అనేసి ఊరుకుంది. గంగులు కూడా ఊరుకున్నాడు. జుంటి ఇసుక మీదికి ఒంగింది. "తేనె... ఇంకా ఉంది ఇక్కడ. ఇది నా పేరులో 'టి'లా ఉంది. కాని నెత్తి మీద కొస మెలి తిరిగింది."

"మెలి తిరిగితే ఏం చెయ్యాలి?"

"సాగదియ్యాలా? టీ... తేనెటీ... తేనెటీగ!"

ఆ రోజు గంగులు తను నవ్వనన్న సంగతి మరిచిపోయాడు. వాగులో చేపలు బెదిరిపోయాయి.

అన్నిటికన్నా బాధ పెట్టినవి 'వచ్చు', 'వద్దు'. రెండూ జుంటికి ఒకేలా కనిపించేవి. వారం రోజులు ఒకదానికొకటి మార్చి చదివింది. చివరికి ఏడుపు మొహం పెట్టి, "నాది బండరాయే తాతా" అంది.

"నోరు తెరువు. 'వద్దు' అను. నాలుక ఎక్కడ తగిలింది?"

"పళ్లకి."

"'వచ్చు' అను."

"పైకి పోయింది. అంగిట్లోకి."

"అదీ సంగతి. అక్షరం చూడగానే కంగారు పడకు. నోట్లో తడుముకో. నాలుక పళ్లకి తగిలే అక్షరం ఇది. తగలనిది అది." గంగులు రెండూ పక్కపక్కనే రాశాడు. జుంటి ఆ పొద్దంతా తోవలో ఎదురైన వాళ్లందరికీ వద్దు, వచ్చు, వద్దు, వచ్చు అని చెబుతూ తిరిగింది. ఎవరేమిటి అడిగినా అదే జవాబు. ఉడుతలు వాళ్లమ్మకి ఫిర్యాదు చేశాయి.

ఇరవయ్యో రోజో, ఇరవయ్యొకటో రోజో, గంగులు ఓ కునుకు తీసి లేచేసరికి ఎదుట ఇసుకలో రాసి ఉంది: 'తాత గురక పెట్టాడు. కప్ప పారిపోయింది.' గంగులు రెండుసార్లు చదువుకున్నాడు. "'గురక'లో తప్పు లేదు" అన్నాడు, మూడోసారి చదువుతూ.

ఆ పొద్దునే వాగు రేవు దగ్గర గొడవ జరిగింది.

ఎండకి వాగు పైకి ఎండిపోయినట్టు కనిపిస్తున్నా అడుగున ఊబిలా బురద ఉంది. పెద్దమ్మ మనుషులు, అంటే ఏనుగు పిల్లలు, రాత్రికి రాత్రే అక్కడ బోర్డు కట్టి పోయారు. చుక్కల జింక చుక్కమ్మ బిడ్డతో దాటబోతూ బోర్డు చూసి ఆగింది. పక్కనే సింగన్న కనిపించాడు. పరీక్ష అయ్యాక కూడా ఆయన ప్రైవేటు తగ్గలేదు. ఏడుగురు పిల్లలు చేరారు. చుక్కమ్మ బిడ్డ అందులో ఒకతె.

"సింగన్న బావా, ఇందులో ఏం రాశారు?"

సింగన్న బోర్డుని పైనుంచి కిందికి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. "ఏముందీ... 'ఇటు రావచ్చు'. దారి బాగుందని రాశారు. వెళ్లమ్మా."

గంగులు వెనక నడుస్తున్న జుంటి ఆ మాట విని ఆగింది. బోర్డు వేలు అందనంత ఎత్తులో ఉంది. గాల్లోనే వేలు జరిపింది. "ఇ... టు... ఇటు. రా... వ..." నాలుక పళ్లకి తగిలింది. "ద్దు! ఇటు రావద్దు! పిన్నీ, ఆగు!"

సింగన్న ఫక్కున నవ్వాడు. "ఎవరు చదువుతున్నారో చూశావా చుక్కమ్మా? మొన్న లేని కోతిని కొమ్మెక్కించిన పిల్ల! నీ బిడ్డకి చదువు చెప్పేది నేనా, ఇదా?"

చుక్కమ్మ జుంటిని చూసింది, సింగన్నని చూసింది. బిడ్డతో బురదలోకి దిగింది. మూడో అడుగుకి బిడ్డ పొట్టదాకా దిగబడింది. చుక్కమ్మ అరుపులకి కొండ మారుమోగింది. జుంటి తీగ తెంపి విసిరి, ఒక కొస గంగులు పళ్లకి అందించింది. ఇద్దరూ కలిసి లాగితే పిల్ల బయటపడింది. వొళ్లంతా బురద. వణికిపోతోంది.

"బొగ్గు చెరిగింది. ఎంత పండితుడైనా అలాగే చదువుతాడు" అంటూ సింగన్న అప్పటికే గట్టెక్కి వెళ్లిపోతున్నాడు. బోర్డు మీద బొగ్గు మిలమిలలాడుతోంది.

జుంటి మళ్లీ బోర్డుకేసి చూసింది. "తాతా, సింగన్న మామకి చదవడం రాదు. ఒక్క అక్షరం కూడా రాదు."

"రాకపోవడం తప్పు కాదే. నెల కిందట నీకూ రాదు."

"రాదని నేను చెప్పలేకపోయాను. అది తప్పే అనుకో. కాని వచ్చని చెప్పి పక్కవాళ్ల పిల్లల్ని బురదలోకి దింపలేదు కదా?"

గంగులు తలూపాడు. గడ్డి కోసం వెతికాడు.

"తాతా, మంచి బొగ్గు ఎక్కడ దొరుకుతుంది?"

"కాలిన మోదుగ మొద్దు దగ్గర" అన్నాడు గంగులు. ఎందుకని అడగలేదు. జుంటి మొహం చూశాక అడగకపోవడమే మంచిదనిపించింది.

నెల తిరిగింది. పెద్దమ్మ మళ్లీ వచ్చింది. జనం కూడా ఈసారి ఎక్కువగా వచ్చారు, కోతిని ఇంకోసారి చూడాలని. కొత్త బోర్డు పెట్టారు.

జుంటి ఎడమవైపునుంచి వేలు పెట్టింది. "వాగు... అవతల... మద్ది చెట్టు... విరి... విరిసింది." ఆగింది. ఈసారి దగ్గలేదు. "చెట్టు విరియడమేంటి? పువ్వు కదా విరిసేది!" మళ్లీ ఒంగింది. "విరి... గిం... విరిగింది! మద్ది చెట్టు విరిగింది. దూరంగా నడవండి."

ఎవరూ నవ్వలేదు. కర్రెమ్మ పక్కనున్న దున్నపోతు భుజం పట్టుకుని ఏడ్చేసింది. కొమ్మ మీద పంతులు రామచిలుక ముక్కు తెరిచి మూయడం మరిచాడు.

"తప్పు చదివి, నీకు నువ్వే దిద్దుకున్నావు" అంది పెద్దమ్మ. "అదే చదువంటే. వాగు దాటొచ్చు నువ్వు."

అంతలో జనాన్ని తోసుకుంటూ సింగన్న ముందుకొచ్చాడు. "నా శిష్యురాలు! పునాది వేసింది నేను! గాడిద పైపైన సున్నం కొట్టింది, అంతే. చూశారు కదా అమ్మలారా, ప్రైవేటులో ఇంకో ఐదుగుర్ని చేర్చుకుంటాను. పట్టు ఒకటి కాదు, ఇకమీదట రోజుకి రెండు."

కర్రెమ్మ పళ్లు నూరింది. జుంటి తల్లి చెయ్యి పట్టుకుని ఆపి, బుద్ధిగా చేతులు కట్టుకుంది.

"అవును మామా. మీ పేరు చెప్పుకుని నేనూ ఒక బోర్డు రాశాను. మీ కోసమే. అదిగో, ఆ తొర్ర దగ్గర కట్టాను. అందరి ముందూ మీరు చదివితే చూడాలని ఉంది."

పాతిక అడుగుల అవతల ఇప్పచెట్టు తొర్ర పక్కన చిన్న బెరడు వేలాడుతోంది. సింగన్న గర్వంగా నడిచాడు. బోర్డు చూశాడు. ఎలుగుబంటి పిల్ల రాసింది, తొర్రలోంచి జుమ్మని చప్పుడు వస్తోంది. ఇంక చదవాల్సిందేముంది? గొంతు సవరించుకున్నాడు.

"'తొర్రలో తేనె ఉంది. గురువుగారు తీసుకోవచ్చు.' ఎంత మర్యాద తెలిసిన పిల్ల!"

"అలాగే ఉందా మామా?" అంది జుంటి కళ్లు పెద్దవి చేసి. "ఇంకోసారి చూడండి."

"అలాగే ఉంది."

"చివరి మాట ఒక్కటి చూడండి మామా. నిదానంగా. నాలుకతో తడుముకుని."

"మీ అమ్మకి బొచ్చు మొలవక ముందునుంచి చదువుతున్నాను, నాకు చెబుతావా?" అని సింగన్న తొర్రలోకి కళ్లదాకా మూతి దూర్చాడు.

మొదట తోక నిటారుగా లేచింది. తర్వాత సింగన్న మొత్తం లేచాడు. కందిరీగలు ఆయన మొహం చుట్టూ మబ్బులా కమ్మాయి. ఆయన పెట్టిన కేకలో అ నుంచి అః దాకా అచ్చులన్నీ వచ్చాయి. జనం చీలి దారిచ్చారు. సింగన్న వాగుదాకా పరిగెత్తి, మిగిలిన కాస్త నీళ్ల మడుగులో మెడదాకా మునిగి కూర్చున్నాడు.

పెద్దమ్మ నిదానంగా బోర్డు దగ్గరికి వెళ్లి, "జుంటీ, నువ్వు రాసింది నువ్వే చదువమ్మా" అంది.

"'తొర్రలో కందిరీగలు ఉన్నాయి. మూతి పెట్టవద్దు.'" జుంటి తల దించుకుంది. "నేను నిజమే రాశాను పెద్దమ్మా. మూడుసార్లు అడిగాను కూడా."

పెద్దమ్మ తొండంతో మూతి కప్పుకుంది. చెవులు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. చుక్కమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది. ఏడుగురు పిల్లల తల్లులూ అక్కడికక్కడే ప్రైవేటు మాన్పించారు. పంతులు రామచిలుక కొమ్మ దిగి గంగులు దగ్గరికి వచ్చాడు. "ఏడాది పాటు నా ముందే కూర్చుంది. నాకు కనిపించలేదు" అన్నాడు చిన్న గొంతుతో. ఆ వారంనుంచి బడిలో కోరస్ అయ్యాక, ఎవరికి రావడం లేదో కనుక్కుని ఒక్కొక్కర్ని విడిగా పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. గొంతు అరుగుదల కూడా తగ్గింది.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే, వాగు ఒడ్డున ఇసుకలో జుంటి ఉడుత పిల్లతో ఏదో రాయిస్తోంది. గంగులు ఎప్పట్లా నములుతున్నాడు. పొద వెనకనుంచి సింగన్న వచ్చాడు. మూతి ఇంకా సొరకాయంత ఉంది. నీళ్లు తాగడానికి వచ్చినట్టు కాసేపు అటూ ఇటూ తిరిగాడు. దాహం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది.

చివరికి నేల చూస్తూ గొణిగాడు. "నాకు చదవడం రాదు."

"ఏంటి మామా?" అంది జుంటి. దానికి మొదటిసారే వినిపించింది.

సింగన్న చుట్టూ చూశాడు. "నాకు చదవడం రాదు" అన్నాడు ఇంకాస్త గట్టిగా.

"వాగు అవతలికి వినిపించలేదు మామా."

"నాకు చదవడం రాదు!" అని అరిచాడు సింగన్న. ఒడ్డున కొంగలన్నీ లేచి ఎగిరాయి.

జుంటి నవ్వు ఆపుకుని, అరచేత్తో ఇసుక చదును చేసి, కొంచెం పక్కకి జరిగింది. "ఎండ పడకుండా ఇటు కూర్చోండి మామా" అంది.

ఈ కథలో పట్టుకోవాల్సింది ఒక్కటే: రాదని ఒప్పుకున్నవాళ్ల పక్కకే చదువు వచ్చి కూర్చుంటుంది.